అవతలి గోలులో తమ్ముడు

బ్రాక్‌డెన్, లాంకషైర్
1894 సెప్టెంబరు 9, ఆదివారం

కొండ దాటిపోయిన తమ్ముడికి,

నువ్వు బండెక్కి ఆరు వారాలైంది. చేరానని ఒకే ఒక్క ముక్క రాశావు. అందులోనూ సగం ఆ మిసెస్ టన్నిక్లిఫ్ ఇంట్లో మంచం పొట్టిదన్న గోలే. పొట్టిది మంచం కాదురా, పొడుగు నీ కాళ్ళు.

ఇక్కడ నాన్న నీ పేరెత్తడం లేదు. "ఉత్తరం వచ్చింది నాన్నా" అన్నాను. "ఎవరి దగ్గర్నుంచి?" అన్నాడు. "ఎఫ్రైమ్ దగ్గర్నుంచి." "యార్క్‌షైర్‌లో మనకి చుట్టాలెవరూ లేరే" అని పైపు వెలిగించుకున్నాడు. సొంతూరి ఫుట్‌బాల్ జట్టుకి మూడేళ్ళు గోలు కాసినవాడివి, కొండ అవతలి హెప్షావాళ్ళు జీతం ఎక్కువిస్తామనగానే పోయావని నాన్న బాధ. మగ్గాల షెడ్డులో కూడా ఎవరితోనూ మాట్లాడడం లేదట. అంత చప్పుడులో మాట్లాడితే మాత్రం ఎవరికి వినపడుతుందిలే.

నిన్న మొదటి ఆట. నీ చోట్లోకి వచ్చిన స్కాట్లాండువాణ్ణి చూశాను. పేరు డూగల్ మెక్‌ఫెయిల్. ఓడల కార్ఖానాలో మేకులు దిగ్గొట్టేవాడట. ఎర్రజుట్టు, తలుపంత మనిషి. వాడి మాటలు సగం అర్థం కావు, అర్థమైన సగం వింటే మిగతాది కాకపోవడమే నయమనిపిస్తుంది. ఆట అయ్యాక మనం నల్ల బఠాణీలమ్మే బండి దగ్గరికొచ్చి, గిన్నెలోకి తొంగి చూసి, "మా ఊళ్ళో ఇవి పందులకి పెడతారు" అన్నాడు. "ఇక్కడా అంతే, అందుకే నీకు పెడుతున్నా" అన్నాను. వెనిగర్ పోయించుకుని వాడు మూడు గిన్నెలు తిన్నాడు.

రెండు-ఒకటితో గెలిచాం. నువ్వు లేకుండా గెలిచాం అని ప్రత్యేకంగా రాయమన్నాడు నెడ్ క్లెగ్. రెండు గోల్సూ తనే వేశాడు, ఇక ఈ ఏడాదంతా వాడితో వేగలేం.

అక్క
డోర్కస్


హెప్షా, యార్క్‌షైర్
సెప్టెంబరు 23

అక్కా,

మిసెస్ టన్నిక్లిఫ్ వారానికి ఆరు రోజులు క్యాబేజీ వండుతుంది. ఏడో రోజు మిగిలిన క్యాబేజీ వండుతుంది. అది తప్ప ఇక్కడ నాకే లోటూ లేదు.

నిన్న మూడు-సున్నాతో గెలిచాం. ఏం ఆట అనుకున్నావ్! గాలికి రిఫరీ టోపీ ఎగిరిపోయి, కంచె దగ్గర ఒక ముసలావిడ కోడిపిల్లల బుట్ట మీద పడింది. అది తన సొత్తంటుంది ఆవిడ. రిఫరీ ఒక చేత్తో ఈల, ఒక చేత్తో టోపీ పట్టుకుని లాగుతుంటే జనం రెండు పక్షాలుగా చీలిపోయారు. మూడో గోలు ఎవరూ చూడలేదు. పడిందని మావాళ్ళే చెప్పారు, రిఫరీ మర్యాదస్తుడు కాబట్టి నమ్మాడు.

నాన్నకి చెప్పు, ఇక్కడ నన్ను నెత్తిన పెట్టుకుంటున్నారని. వినకపోతే ఇంకొంచెం గట్టిగా చెప్పు.

ఆ స్కాట్లాండువాడు ఎత్తు బంతులకి ఎలా ఉన్నాడు? ఊరికే అడిగాను.

ఎఫ్రైమ్


బ్రాక్‌డెన్
అక్టోబరు 28

ఎఫ్రైమూ,

నీ టోపీ కథ బండి దగ్గరికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను. ఇక్కడ నవ్వడానికి అదొక్కటే మిగిలింది. వరసగా అయిదాటలు ఓడాం. నెడ్ క్లెగ్ గోలు ఎదురుగా నిలబడి బంతిని కాలవలోకి తంతున్నాడు. ఆటగాళ్ళ కన్నా పడవవాళ్ళే బంతిని ఎక్కువసార్లు ముట్టుకుంటున్నారు.

మెక్‌ఫెయిల్ లేకపోతే ఇంకా ఘోరంగా ఓడేవాళ్ళం. అతను బంతిని పట్టుకోడు, గుద్దుతాడు. ఒకసారి బంతితో పాటు మన జట్టువాణ్ణే గుద్దాడు. పదిహేను రోజుల కిందట బండి దగ్గర నాన్న అతన్ని నిలదీశాడు.

"ఏం అబ్బాయ్, ఎత్తు బంతి పట్టుకోవేం?"

"పట్టుకుంటే మీదపడి తొక్కుతారండీ."

"మా పాత గోల్‌కీపర్ పట్టుకునేవాడు. తొక్కించుకునేవాడు. కిక్కురుమనేవాడు కాదు."

"ఎవరండీ ఆయన?"

నాన్న పైపు నోట్లోంచి తీసి, "చచ్చిపోయాడు" అన్నాడు.

నా చేతిలో గరిటె జారిపోయింది. మెక్‌ఫెయిల్ పాపం టోపీ తీసి తలవంచుకు నిలబడ్డాడు. నువ్వు బతికే ఉన్నావని నేను చెప్పేసరికి వారం గడిచిపోయింది. ఈలోపల ఆదివారం చర్చిలో నీ ఆత్మశాంతికి ప్రార్థన కూడా చేసేశాడట. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలీక దిగులు పడుతున్నాడు. బండి చక్రం ఊడితే ఇందాకే వచ్చి బిగించి వెళ్ళాడు, ఆ పశ్చాత్తాపంతోనే అనుకుంటాను.

నీ ఆటలు ఎలా ఉన్నాయో రాయి.

అక్క


హెప్షా
నవంబరు 11

అక్కా,

చచ్చినవాడు రాస్తున్నాడు. పరలోకం అచ్చం హెప్షాలాగే ఉంది: పొగ, చలి, క్యాబేజీ.

నాన్నతో చెప్పి నా సమాధి రాయి మీద "కిక్కురుమనేవాడు కాదు" అని చెక్కించు. మూడేళ్ళు ఎదురుగా గోలు కాస్తే ఒక్కనాడూ అంత మంచి మాట అనలేదు. చస్తే మెచ్చుకుంటాడని తెలిస్తే ఎప్పుడో చచ్చేవాణ్ణి.

నిన్న మా బ్యాండువాళ్ళకి, అవతలి ఊరి బ్యాండువాళ్ళకి ఆట మొదలవకముందే కొట్లాట అయింది. పెద్ద డోలులోంచి ఒకడి తల బయటికి తీయడానికి వడ్రంగిని పిలవాల్సి వచ్చింది. ఒకటి-ఒకటి.

ఎఫ్రైమ్


బ్రాక్‌డెన్
డిసెంబరు 9

ఎఫ్రైమూ,

నిన్న జరిగింది చెబుతాను, కూర్చుని చదువు.

అరగంట ఆట అయ్యేసరికి నెడ్ క్లెగ్ మళ్ళీ బంతిని కాలవలోకి తన్నాడు. రెండో బంతికి కుట్లు విడిపోయి ఉన్నాయి. పడవలేవీ లేవు. బంతి తేలుతూ అవతలి గట్టుకి పోతోంది, రిఫరీ గడియారం తీసి చూసుకుంటున్నాడు. డూగల్ మెక్‌ఫెయిల్ గోలు వదిలి పరిగెత్తుకొచ్చి, డిసెంబరు నీళ్ళలోకి దూకేశాడు! బంతి తెచ్చాడు గాని, గట్టెక్కుతుంటే పడవలు కట్టే కొక్కెం తగిలి లాగు నడుం నుంచి మోకాలిదాకా చిరిగిపోయింది. ఆడవాళ్ళు కొందరు కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు, బండి చూసుకోవాలి కదా.

ఇల్లు పక్కనే కాబట్టి పరిగెత్తుకెళ్ళి చేతికందింది తెచ్చిచ్చాను. తీరా చూస్తే అది నాన్న చర్చికి వేసుకునే ప్యాంటు.

నాన్న పొట్టి, ఆయన పొడుగు. పిక్కల మధ్యకి వచ్చింది. నాన్న జనంలో నిలబడి పక్కవాడితో "ఆ ప్యాంటు గుడ్డ ఎవరు నేశారో గాని దిట్టంగా ఉంది" అన్నాడట. మరు నిమిషంలో గుర్తుపట్టాడు. ఇక ఆట ముగిసేదాకా ఒకటే అరుపు: "పడకురా! నిలబడి ఆపు! అటువైపు బురద ఉంది, అటు పోకు!" ఆయన ఏడుసార్లు పడ్డారు. సున్నా-సున్నా. ఇన్ని వారాలకి ఒక పాయింటు దొరికింది.

"నా ప్యాంటు నాకంటే బాగా ఆడింది" అని నాన్న ఒప్పుకున్నాడు. ఇవాళ చర్చికి మాత్రం వెళ్ళలేదు.

ఆ నీళ్ళకి ఆయనకి బాగా జలుబు చేసింది. ఆవపిండి కలిపిన వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టించాను, ఉల్లిపాయ చారు తాగించాను. ఇంత పొడుగు మనిషి ఇంత చిన్నగా తుమ్ముతారని ఎవరనుకుంటారు!

అక్క


హెప్షా
1895 జనవరి 13

మహారాజశ్రీ అక్కగారి సముఖానికి,

మీ ఉత్తరాలు మూడూ బల్ల మీద పరుచుకుని కూర్చున్నాను. సెప్టెంబరులో: "వాడు మూడు గిన్నెలు తిన్నాడు." అక్టోబరులో: "అతను చక్రం బిగించి వెళ్ళాడు." డిసెంబరులో: "ఆయన ఏడుసార్లు పడ్డారు."

పడ్డారు! నేను నీ తోడబుట్టి ఇరవై రెండేళ్ళయింది. రెండుసార్లు న్యుమోనియాతో పోబోయాను. ఒక్కసారైనా "వారు దగ్గుతున్నారు" అన్నావా? ఫిబ్రవరికల్లా "మా ఆయన" అవుతాడేమో ముందే చెప్పు, చొక్కా కుట్టించుకోవాలి.

ఆడిపోసుకుంటున్నాననుకోకు. కాని నువ్వొక్కసారి నా వైపు నుంచి కూడా చూడు. నేను నిలబడ్డ గోలులో నిలబడ్డాడు. నేను చొక్కా తగిలించుకున్న మేకుకి తగిలించుకుంటున్నాడు. నా అక్క చేతి బఠాణీలు తింటున్నాడు. నాన్న ప్యాంటు కూడా వేసుకున్నాడు. ఇక మిగిలిందేముంది? నా మంచం ఒక్కటే, అదైనా ఉందా?

మంచు పడుతోంది. మేం గెలిచాం.

ఎఫ్రైమ్


బ్రాక్‌డెన్
ఫిబ్రవరి 10

ఎఫ్రైమ్,

మూడు వారాలుగా నేల రాయిలా గడ్డకట్టి ఆటలన్నీ ఆగిపోయాయి. కాలవ కూడా గడ్డకట్టింది. అవును, దాని మీద ఆయనతో జారుతూ నడిచాను. అవును, చెయ్యి పట్టుకున్నాను. పట్టుకోకపోతే పడతాను కదా. పడనిచోట కూడా పట్టుకున్నాను. చాలా? ఇక నా వంతు.

నీకు చదవడం వచ్చినట్టే నాకూ వచ్చు. నీ ఉత్తరాలు నేనూ పరుచుకున్నాను. రిఫరీ టోపీ ఉంది, కోడిపిల్లలున్నాయి, డోలులో తల ఉంది. నువ్వు మాత్రం ఎక్కడా లేవు. ఇన్ని నెలల్లో నువ్వు ఒక్క బంతి ఆపినట్టు గాని, ఒక్క బంతి వదిలేసినట్టు గాని ఎక్కడైనా రాశావా?

మొన్న ఇల్లు ఊడుస్తుంటే నాన్న మంచం కింద హెప్షా పేపర్లు దొరికాయి. ప్రతి శనివారం స్టేషన్‌కి వెళ్ళి కొనుక్కొస్తున్నాడన్నమాట. అన్నీ జట్టు పేర్లున్న చోటికి మడతపెట్టి ఉన్నాయి. గోల్‌కీపర్ పేరు కింద పెన్సిల్ గీత. సైలస్ బూత్, సైలస్ బూత్, అన్నిట్లోనూ సైలస్ బూత్. ఒక్క పేపర్లో, అడుగున చిన్న అక్షరాల్లో రిజర్వు జట్టు వేశారు. అందులో నీ పేరుంది. దాని కింద రెండు గీతలు.

ఇంకొకటి. డూగల్‌ని ఇక్కడికి రమ్మని మన కమిటీ రాసిన కాగితం ఆయన నాకు చూపించారు. దాని మీద తేదీ ఏప్రిల్ ఆరు. నువ్వు వెళ్ళింది జూలైలో. నువ్వు పోతే ఆయన వచ్చారని ఊరంతా అనుకుంటోంది. కాగితం చూస్తే అలా లేదు.

ఏం జరిగిందో చెప్పు. ఈసారి కోడిపిల్లలు వద్దు.

డోర్కస్


హెప్షా
ఫిబ్రవరి 17

అక్కా,

కోడిపిల్లలు లేవు.

నిరుడు ఏప్రిల్‌లో కమిటీవాళ్ళు పిలిచారు. "నువ్వు మంచివాడివే ఎఫ్రైమ్, కాని రెండో డివిజన్‌కి సరిపోవు. స్కాట్లాండు నుంచి ఒకతన్ని తెస్తున్నాం, నువ్వు రిజర్వులో ఉండు" అన్నారు. నాలుగు మాటలు తిట్టినా బాగుండేది. టీ ఇచ్చారు.

ఇంటికొచ్చాను. నాన్న వాకిట్లో ముక్కాలిపీట మీద కూర్చుని నా బూట్లకి నూనె పడుతున్నాడు. వచ్చే ఏడాదికి తోలు మెత్తగా ఉండాలని. ఆ రోజు చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. జూలైలో హెప్షావాళ్ళు రెండో గోల్‌కీపర్ కావాలంటే ఒప్పుకుని, నాన్నతో "వాళ్ళు జీతం ఎక్కువిస్తామన్నారు, పోతున్నా" అన్నాను. ఎక్కువేం ఇవ్వలేదు. కొడుక్కి డబ్బాశ అని తెలిస్తే నాన్నకి కోపం వస్తుంది, ఆ కోపం పట్టుకుని తిరుగుతాడు. కొడుకు చేతకానివాడని తెలిస్తే ఏం పట్టుకుని తిరుగుతాడు?

వారమంతా రంగుల కార్ఖానాలో పని. శనివారాలు రిజర్వు ఆట, చూసేది ఇద్దరు మనుషులు, ఒక కుక్క. కుక్క మా పక్షమే.

నాన్నకి చెప్పకు. మాటివ్వు.

డూగల్ మీద నాకు కోపం లేదు. అతనేం చేశాడు? పిలిస్తే వచ్చాడు. నా ఆత్మకి ప్రార్థన చేసినవాడు ఇంతవరకు అతనొక్కడే.

ఎఫ్రైమ్


బ్రాక్‌డెన్
మార్చి 24

నా తమ్ముడికి,

మాటిచ్చాను. నీ ఉత్తరం చదివిన రోజు బఠాణీలు మాడిపోయాయి, అంతవరకే చెబుతాను.

ఇక్కడ సంగతి బాగాలేదు. చివరి మూడు జట్లలో మనది ఒకటి. ఆ మూడూ మే నెలలో మిగతా క్లబ్బుల ముందు నిలబడి, లీగులో ఉండనివ్వండని ఓట్లు అడుక్కోవాలి. లీగులోంచి తోసేస్తే బయటి ఊళ్ళ ఆటగాళ్ళందరినీ పంపించేస్తామని కమిటీ ఇప్పుడే చెప్పేసింది. మనకి సరిగ్గా పైన, ఒకే ఒక్క పాయింటు ఎక్కువతో ఉన్నది ఎవరో నీకు తెలుసు. వచ్చే నెల ఇరవైన ఆఖరి ఆట. మన మైదానంలో, మీ హెప్షాతోనే. మేం గెలిస్తే మేం పైకి, మీరు కిందికి. గెలవకపోతే అంతే.

డూగల్ నన్ను అడిగారు. కాలవ గట్టున, వానలో, టోపీ తీసి. "జవాబు ఇప్పుడే చెప్పకు. లీగులోంచి తీసేస్తే నాకు పనుండదు. పని లేనివాడు పిల్లనడగకూడదు. ఆఖరి ఆట కానీ" అన్నారు.

"మరి ఇప్పుడెందుకు అడిగారు?" అన్నాను.

"ఆపుకోలేక" అన్నారు. బంతులు కూడా ఇలాగే ఆపుతారు ఆయన.

అక్క


హెప్షా
ఏప్రిల్ 16

అక్కా,

సైలస్ బూత్ పీపా దించబోయి భుజం విరగ్గొట్టుకున్నాడు. శనివారం గోలులో నేనే. మొదటి జట్టులో ఇదే నా మొదటి ఆట. ఇంకెక్కడా దొరకనట్టు మన ఊళ్ళో!

ఏం చెయ్యను?

ఎఫ్రైమ్


బ్రాక్‌డెన్
ఏప్రిల్ 18

ఎఫ్రైమూ,

నువ్వు ఆపితే ఆయన పని పోతుంది. ఆపకపోతే నీ పని పోతుంది. రెండు వైపులా అరవడం నాకు చేతకాదు, బఠాణీలు అమ్ముకుంటాను. ఒక్కటే మాట. కావాలని ఒక్క బంతి వదిలావని తెలిసిందో, జన్మలో నీ మొహం చూడను. ఆయనకీ ఇదే చెప్పాను.

డోర్కస్


హెప్షా
ఏప్రిల్ 21

అక్కా,

నిన్న నీతో మాట్లాడకుండానే వెళ్ళిపోవలసి వచ్చింది. మాట్లాడ్డానికి ఆగి ఉంటే ఈ ఉత్తరం రాయడానికి నేను మిగిలేవాణ్ణి కాదు. బూట్లతో, జట్టు చొక్కాతో స్టేషన్‌దాకా పరిగెత్తాను. నా బట్టలు సత్రంలోనే ఉన్నాయి, పంపు.

నువ్వు బండి దగ్గర్నుంచి చూశావు గాని, నాకు లోపల ఏం జరిగిందో చెప్పాలి.

ఎనభై నిమిషాలదాకా ఏం ఆపానో నాకే తెలీదు. మావాళ్ళ రైలు ఎక్కడో ఆగిపోయి, మా ఊరి జనం ఒక్కరూ రాలేదు కదా, చుట్టూ అందరూ నా చిన్నప్పటినుంచి తెలిసినవాళ్ళే. పేరు పెట్టి, ఇంటి పేరు పెట్టి తిడుతున్నారు. మా బళ్ళో పాఠం చెప్పిన పంతులమ్మ కూడా తిట్టింది, అయితే తప్పుల్లేకుండా తిట్టింది. అంతలో మా వెనకాటగాడు బంతిని చేత్తో ఆపాడు. పెనాల్టీ. ఇంకా అయిదు నిమిషాలుంది, స్కోరు సమానం. నెడ్ క్లెగ్ కొట్టబోతే జనమంతా "వద్దు, కాలవలోకి పోతుంది! స్కాట్లాండాయన్ని పిలవండి!" అని అరిచారు.

డూగల్ మైదానమంతా దాటి నడిచి వచ్చాడు. దగ్గర్నుంచి చూడడం అదే మొదలు. నిజంగానే తలుపంత ఉన్నాడు.

"ఏం బావమరిదీ, బాగున్నావా?" అన్నాడు.

"ఇంకా బావవి కాలేదు" అన్నాను.

"ఇది గోలైతే అవుతాను."

"అయితే కష్టమే."

"ఎటు దూకుతావు?"

"ముందు నువ్వెటు తంతావో చెప్పు."

"మీ అక్క ఇద్దరికీ ఒకటే మాట చెప్పిందిగా" అన్నాడు, నవ్వలేదు. "తన్నేస్తాను మరి."

ఈల వినగానే, గోల్‌కీపర్‌కి రూలు ఒప్పుకునే ఆరు గజాలూ ముందుకి ఉరికాను. తన్నాడు. ముఖానికి కొట్టుకుంది. కళ్ళు బైర్లు కమ్మాయి, కాని బంతి నా కాళ్ళ దగ్గరే పడింది, ఎత్తుకున్నాను. అక్కా, ఆపడం నా పని, ఆపాను. అక్కడితో ఊరుకోవచ్చు. సమానంగా ముగిస్తే మాకు చాలు. కాని ఏడు నెలలు ఒక కుక్క ముందు ఆడినవాణ్ణి నేను. తల ఎత్తి చూస్తే మైదానం ఖాళీగా ఉంది. మీవాళ్ళందరూ గోలు కోసం ఇటే వచ్చేశారు, అవతల గోలులో ఎవరూ లేరు, ఎందుకంటే గోల్‌కీపర్ నా పక్కనే నిలబడి ఉన్నాడు.

బంతి నేలకి కొట్టుకుంటూ పరుగు తీశాను. తన సగంలో గోల్‌కీపర్ బంతిని ఎక్కడైనా చేత్తో ముట్టుకోవచ్చు కదా, మైదానం సగం గీతదాకా చేత్తో, ఆ తర్వాత కాలితో. డూగల్ పక్కనే పరిగెడుతూ "ఆగు! ఆగవయ్యా! ఎక్కడికి పోతున్నావు?" అంటాడు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి! వెనక మిగిలిన మీ ఆటగాడు హిండిల్ ముసలాడొక్కడు అడ్డొచ్చి బురదలో జారి కూర్చున్నాడు. తన్నాను. బంతి బురదలో మెల్లగా దొర్లుతోంది, ఆగేలా ఉంది. డూగల్ నన్ను దాటి దూకాడు, నేనూ వెనకే జారాను. మేమిద్దరం గోలులో ఒకరి మీద ఒకరం పడేసరికి బంతి మా ఇద్దరి కంటే ముందే లోపలికి పోయి కూర్చుంది.

అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఆరు వేల మంది. కాలవలో బాతు అరవడం వినిపించింది. అప్పుడు ఒకే ఒక్క గొంతు, నీ బండి వెనకనుంచి, కేక పెట్టింది. ఒక టోపీ గాల్లోకి లేచింది. మావాళ్ళెవరూ లేరు కదా, మరి అదెవరు? అడుగుదామనుకునేలోపు మట్టిబెడ్డలు మొదలయ్యాయి.

నీ పెళ్ళి పాడుచేశాను. ఊరిని ముంచాను. క్షమించమని అడగాలనే ఉంది, కాని ఆ బంతి మళ్ళీ నా కాళ్ళ దగ్గర పడితే మళ్ళీ పరిగెడతాను. ఆ మాట దాచి ఉత్తరం ముగించలేను.

ఎఫ్రైమ్


బ్రాక్‌డెన్
మే 26

ఒరేయ్ దుర్మార్గుడా,

నెల రోజులు రాయలేదు, నిన్ను ఉడికించాలనే రాయలేదు. నీ బట్టలు ఈ మూటలో ఉన్నాయి. నెడ్ క్లెగ్ వాటిని కాలవలో పారేద్దామన్నాడు, గురి చూసి విసిరాడు గాని గట్టు మీదే పడ్డాయి.

ఆ రోజు సాయంత్రం డూగల్ మన ఇంటికొచ్చారు, నెత్తినిండా బురదతో. నాన్న తలుపు తీశాడు.

"ఈ ఊళ్ళో నాకు పని అయిపోయిందండీ. సెలవు తీసుకుందామని వచ్చాను. మీ అమ్మాయిని అడిగిన మాట వెనక్కి తీసుకుంటున్నాను."

"ఏం మాట?" అన్నాడు నాన్న. అప్పటికి నాన్నకి ఏమీ తెలీదు కదా. నేను వంటింట్లోంచి, "వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు, నేను అవునన్నాను!" అని అరిచాను. "ఎప్పుడన్నావు?" అన్నారు ఆయన. "ఇప్పుడే" అన్నాను. నాన్న ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ముందు బూట్లు విప్పు, తివాచీ పాడవుతుంది" అన్నాడు. అంగీకారం అంటే మన ఇంట్లో అదే.

టీ తాగుతుండగా నీ మాట వచ్చింది. "డబ్బుకి పోయినవాడు ఊరిని ముంచాడని అందరూ అంటున్నారు" అన్నాను, నాన్న ముఖం చూస్తూ. నేను నీకు మాటిచ్చాను. డూగల్ ఇవ్వలేదు. ఆయన జేబులోంచి ఆ ఏప్రిల్ కాగితం తీసి బల్ల మీద పెట్టారు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. తేదీ మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచాడు. లేచి బొగ్గుల కొట్లోకి వెళ్ళి, తేవలసిన బొగ్గు తేకుండానే తిరిగొచ్చాడు.

ఇక ఓట్ల సంగతి. మనల్ని తోసేశారు. వచ్చే ఏడాది కాంబినేషన్ అనే చిన్న లీగులో ఆడుకోవాలి. అధ్యక్షుడు కంటతడి పెట్టుకున్నాడు, నెడ్ క్లెగ్ రెండు రోజులు తాగాడు, మూడో రోజు కాంబినేషన్‌లో గోల్సు వెయ్యడం సులువని ఎవరో చెబితే లేచి కూర్చున్నాడు. డూగల్‌కి రెండు వాక్యాల కాగితం ఇచ్చి పంపేశారు. ఆయన మర్నాడే బాయిలర్ల కార్ఖానాలో చేరారు, మేకులు కొట్టే చెయ్యి కదా. ఇప్పుడు కమిటీకి గోల్‌కీపర్ లేడు. వారానికి రెండుసార్లు ఆయన దగ్గరికి వచ్చి బతిమాలుతున్నారు. ఆయన బఠాణీలు తింటూ "ఆలోచిస్తా" అంటున్నారు. గిన్నె ఖాళీ అయ్యేదాకా వాళ్ళు నిలబడే ఉంటున్నారు.

వచ్చే నెల మూడున, పెంతెకోస్తు సోమవారం, పెళ్ళి. తోడు పెళ్ళికొడుకుగా నిన్నే ఉండమంటున్నారు. మీ హెప్షావాళ్ళు నిన్ను మొదటి జట్టులోకి తీసుకున్నారని పేపర్లో చూశాం. ఈసారి ఆ పేపరు బల్ల మీదే ఉంది.

కేక పెట్టింది ఎవరని అడిగావు. అది నేను చెప్పేది కాదు. కింద ఉన్నది నాన్న రాశాడు. చదవకూడదని నా చేత ఒట్టు వేయించుకున్నాడు, కాబట్టి ఒక్కసారే చదివాను.

అక్క


ఎఫ్రైమ్,

శుక్రవారం బండికి రా. స్టేషన్‌కి నేను వస్తాను. ఊళ్ళోవాళ్ళు ఏమైనా అంటే నా ముందు అనమను.

"జాబెజ్, ఆ రోజు ఎందుకు అరిచావు?" అని షెడ్డులో అందరూ నన్ను అడుగుతున్నారు. డోర్కస్ కూడా అడిగింది. కాగితం చూశాక నీ మీద జాలితో అనుకుంటావేమో. కాగితం నేను చూసింది సాయంత్రం. అరిచింది మధ్యాహ్నం.

మావాడు గోలు కొట్టాడు. అరవనా మరి?

నాన్న